నా గండం మోయని చేప

మీ ఇంటి అక్వేరియంలో చేప చచ్చి తేలిన పొద్దున మీరు ముందు ఏం చేశారు? నీళ్ళను అనుమానించారా, దేవుడికి దండం పెట్టుకున్నారా?

మొన్న బోయిగూడలో తెలిసినవాళ్ళ ఇంటికి వెళ్ళాను. హాల్లో పెద్ద అద్దాల తొట్టి, రంగురంగుల దీపాలు, తళతళలాడే నీళ్ళు. లోపల ఒక్క చేప లేదు. "మా పాపకు జ్వరం మీద జ్వరం ఆంటీ. ఆ గండం చేప తీస్కపోయింది. మంచిదే అయింది," అని ఇంటాయన నవ్వుతూ చెప్పాడు. తొమ్మిదేళ్ళ ఆ పాప తొట్టి పక్కనే నిలబడి ఉంది. ఆ పిల్ల నవ్వడం లేదు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అది నా ముఖం.

నా చిన్నప్పుడు మేము రెజిమెంటల్ బజార్‌లో ఉండేవాళ్ళం. నాకు చలికాలం వచ్చిందంటే ఆయాసం. డాక్టరు మందు ఇచ్చేవాడు. మా నాయనమ్మ మందు మింగించేది కానీ దాన్ని నమ్మేది కాదు. ఆమె నమ్మకమంతా చేపల మీదే. నేను మంచం ఎక్కినప్పుడల్లా మోండా మార్కెట్ దగ్గర్నుంచి ఒక బంగారు చేపను తెప్పించి, నీళ్ళ సంచితో సహా నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి, ముందుగదిలోని తొట్టిలో వదిలేది. ఆ క్షణం నుంచి అది నా చేప. నాకు రావలసింది దానికి రావాలి.

వచ్చేది కూడా. శుక్రవారం ఇల్లు కడిగినట్టే నాయనమ్మ తొట్టినీ కడిగేది. నీళ్ళన్నీ పారబోసేది. అడుగున ఉన్న గులకరాళ్ళు తోమేది. గాలి పంపు గొట్టం చివర ఉండే స్పాంజిని నల్లా కింద పట్టి, మురికి చుక్క లేకుండా పిండేది. అప్పుడే వచ్చిన బ్లీచింగ్ వాసన నీళ్ళతో తొట్టి నింపేది. ఆదివారానికో సోమవారానికో నా చేప వెల్లకిలా తేలేది. "ఏడుస్తవేందే పిల్లా? నీ గండం అది మోస్కపోయింది. సంతోషపడాలె," అనేది.

సంతోషపడమంటే ఎలా? నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నేను ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఒక ప్రాణిని చంపుతున్నాననుకున్నాను. దగ్గు వస్తే దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని, నాయనమ్మకు వినబడితే ఇంకో చేపను తెప్పిస్తుందని. ఒక పసిపిల్లను అంత భయంలో ఉంచిన ప్రేమను నేను ఈనాటికీ ప్రేమ అని తేలిగ్గా అనలేను.

పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి మిషన్ స్కూల్లో సైన్సు చెప్పేది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా గుమ్మంలో ఆగింది. నేను చచ్చిన చేపను దోసిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఎందుకు చచ్చిందని అడిగింది. నా వల్లే అన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది. నా కోసం అంత కోపపడ్డ మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాతి చేప వచ్చిన రోజు ఆమె మా ఇంటికి వచ్చి, చాలా వినయంగా కూర్చుంది. "మామ్మగారూ, ఈ చేపని మా తొట్టిలో ఉంచుకుంటానండీ."

"గట్లెట్ల టీచరమ్మా? అది మా పిల్ల కోసం తెచ్చింది."

"గండం మోసుకుపోయే చేపకి మధ్యలో ఒక గోడ అడ్డమొస్తుందా అండీ?"

నాయనమ్మ నీళ్ళ సంచిని ఎప్పటిలాగే నా తల చుట్టూ తిప్పి ఆమె చేతికిచ్చింది. చేప గోడ దాటింది.

ఆ నెలలోనే నాకు ఆయాసంతో పాటు విషజ్వరం పట్టుకుంది. పదిహేను రోజులు. ఇంట్లో అందరూ నా వైపు చూసేవాళ్ళు, నేను గోడ వైపు చూసేదాన్ని. చేప చస్తే నేను బతుకుతాను. నేను చస్తే అది బతుకుతుంది. ఇద్దరికీ చోటు లేదు. అదే నా లెక్క.

జ్వరం దిగిన మధ్యాహ్నం టీచరమ్మ ఒక గాజు జాడీతో వచ్చి నా మంచం పక్కన పెట్టింది. అందులో నా చేప. కాస్త లావెక్కింది కూడా. "చూడమ్మా, ఇద్దరూ బతికే ఉన్నారు. ఇప్పుడు చెప్పు, ఎవరి కోసం ఎవరు చచ్చారు?" నేను పెద్దగా ఏడ్చి, మొదటిసారి భయం లేకుండా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నాయనమ్మ జాడీలోకి చూసి, "గీ చేప మొండిది," అంది.

నేను లేచి తిరిగాక టీచరమ్మ నన్ను తన తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె స్పాంజి గోధుమరంగులో, జిగటగా ఉంది. ఛీ అన్నాను. ఆ జిగటలో కంటికి కనబడని జీవులున్నాయని, చేప విసర్జించే విషాన్ని అవే విరిచేస్తాయని, నల్లా కింద పిండితే మనం కడిగేది మురికిని కాదు, వాటినేనని చెప్పింది. తొట్టి నీళ్ళే చిన్న బకెట్లోకి తీసి, అందులో స్పాంజిని మెల్లగా రెండుసార్లు నొక్కి, తిరిగి పెట్టేసింది. తీసిన నీళ్ళు పావువంతే. పోసినవి ముందురోజు నుంచి వెడల్పు బేసిన్‌లో నిలబెట్టి, బ్లీచింగ్ వాసన పోయినవి. మా తొట్టి మెరిసేది, చేపలు చచ్చేవి. ఆమె తొట్టి కొంచెం మసగ్గా ఉండేది, చేపలు బతికేవి.

అదంతా ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్పాను. ఆ శుక్రవారం ఆమె తొట్టి అద్దం మాత్రమే తుడిచింది, స్పాంజిని ముట్టలేదు. గండం మాట మాత్రం చివరిదాకా మానలేదు. ఆమె చెయ్యి మారింది, నోరు మారలేదు. ఆమె మీద నాకు కోపం తక్కువ. అంతకు ముందు ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. చేతిలో ఫోను పెట్టుకుని, ప్రపంచంలోని సమాచారమంతా జేబులో వేసుకుని, చచ్చిన చేపను చూసి శుభమనేవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుంది. చేతకానితనానికి త్యాగమని పేరు పెడితే ఇక ఎవరూ తప్పు దిద్దుకోనక్కర్లేదు. ఇంకో చేప తెచ్చుకుంటే సరి.

బోయిగూడ ఇంటాయనను అడిగాను, ఫిల్టర్ స్పాంజిని ఎలా కడుగుతారని. "వారం వారం నల్లా కింద మంచిగ కడుగుతం ఆంటీ, జెర సుత మురికి ఉండది," అన్నాడు గర్వంగా. నేను ఆ పాప ముందు కూర్చుని, చేప నీ కోసం చావలేదు, మీ నాన్న కడిగిన తీరుకు చచ్చిందని చెప్పాను. "పిల్లలకు గిట్ల చెప్తరా ఆంటీ!" అని ఆయన మండిపడ్డాడు. పాప మాత్రం గట్టిగా ఒక ఊపిరి పీల్చుకుంది. టీచరమ్మ జాడీ చూసిన మధ్యాహ్నం నేను పీల్చినట్టు.

నేను దాచుకున్నది ఆ ఊపిరినే. దాన్ని మీ ఇంటి పిల్లలకు ఇవ్వండి. చేప చస్తే వాళ్ళ కళ్ళలోకి చూసి, "మాకు తెలియక చంపాం," అని చెప్పండి. ముందు లేవండి. ఆ స్పాంజిని నల్లా కింది నుంచి తీయండి.