మూడో వార్డు సరిహద్దును కుక్క గీసింది

ఆ రోజుల్లో సరిహద్దులన్నీ పెద్దవాళ్లే గీస్తారని నాకు గట్టి నమ్మకం. ఎక్కడో ఏసీ గదిలో కళ్లద్దాల సార్లు కూర్చుని, బల్ల మీద మ్యాపు పరిచి, ఇటు ఇంతమంది అటు ఇంతమంది అని లెక్కలు వేసి, పెన్సిల్ చెక్కుకుని మరీ గీస్తారని ఊహించుకునేవాణ్ని. ఆ నమ్మకాన్ని పోగొట్టింది మరెవరో కాదు, నేనే. మా ఊరి వార్డుల సరిహద్దులు గీసినవాళ్లు ఇద్దరు. ఒకడు ఏడో తరగతి తప్పి బడి మానేసినవాడు. రెండోది ఒక ఎర్ర కుక్క. కుక్క సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ మొదటివాడి సంగతి.

బడి మానేశాక నేను జనగామలో బోర్డులు రాసే ఉస్తాద్ దగ్గర రెండేళ్లు బ్రష్షులు కడిగాను. ఆయన నాకు అక్షరాల కంటే ముందు అంకెలు నేర్పాడు. "అక్షరం అందరు రాస్తర్రా. ఎనిమిది రాసి చూపియ్యి, అప్పుడు నిన్ను పెయింటరంట" అనేవాడు. నా ఎనిమిది ఎప్పుడూ పైన సన్నగా, కింద లావుగా, పొట్ట పెరిగిన దుకాణదారులా ఉండేది. ఇంతలో ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. చేత్తో బోర్డులు రాయించుకునేవాళ్లు లేక ఉస్తాద్ దుకాణం మూసేశాడు. నేను రెండు బ్రష్షులు, ఒక బాగాలేని ఎనిమిది పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మాది గూడూరు అవతల, అడవి అంచున ఉన్న ఊరు. ఊరంటే అప్పటిదాకా ఊరు కాదు, పెద్దూరి పంచాయతీకి తోక. సగం తండా ఇళ్లు, సగం మా ఇళ్లు, అన్నీ కలిపి నూట పన్నెండు. ఆ తోకను కోసి వేరే పంచాయతీ చేశారు. మాకు సొంత ఆఫీసు, సొంత సర్పంచు, ఎనిమిది వార్డులు వస్తాయన్నారు. మొదట అంగన్‌వాడీ గోడ మీద పంచాయతీ పేరు నేనే రాశాను. (ఆ పేరులో ఎనిమిది లేకపోవడం నా అదృష్టం.) తర్వాత ఇళ్లన్నిటికీ కొత్త నంబర్లు వేయాల్సి వచ్చింది.

కార్యదర్శి సారు భూపాలపల్లి వైపు నుంచి కొత్తగా వచ్చాడు. ఆయనకు మా ఊరు కాక ఇంకో రెండూళ్లు ఇన్‌ఛార్జి, ఒక బండి, ఎప్పుడూ చార్జింగ్ లేని ఒక ఫోను. నాకు ఎర్ర పెయింటు డబ్బా, నోటుబుక్కు ఇచ్చి, నిలబడే పాఠం చెప్పాడు.

"వార్డంటే ఏం లేదు తమ్మీ, ఇంటి నంబర్ల వరుస. ఒకటికెల్లి ఇన్నిదాక ఒక వార్డు, ఆడికెల్లి ఇన్నిదాక ఇంకో వార్డు. నువ్వు ఈశాన్యం మూలకెల్లి మొదలువెట్టు. ఇల్లు ఎన్క ఇల్లు రా. నడుమల వదలకు, ఎన్కకు మల్లకు. నంబరేసినంక ఇంటాయన పేరు బుక్కుల రాయి. గంతే."

అంతే. అంత సులువైన పనిని చెడగొట్టడానికి కూడా ఒక తెలివి ఉండాలి.

ఈశాన్యం మూలన మేకల అవ్వ ఇల్లు. ఆమెకు ఒకటో నంబరు పడింది. "ఒకటో నంబరు పెద్దోళ్లకిస్తరు గద బిడ్డా" అని మురిసిపోయి, మజ్జిగ పోసి, తన మేకల వంశచరిత్ర మొత్తం చెప్పింది. మొదటి రోజు ఉదయం నేను సారు చెప్పిన మాట జవదాటలేదు. పదకొండింటికల్లా ఎండ ముదిరింది. పెయింటు గోడకు తగిలేలోపే ఆరిపోతోంది, నా నెత్తి మాడిపోతోంది. అప్పుడు చూస్తే వీధికి అవతలి వరుసలో నీడ ఉంది. మనిషన్నవాడు ఏం చేస్తాడు? నీడ ఉన్న వరుసలోకి మారాను. మధ్యాహ్నం నీడ ఇటు తిరిగింది, నేనూ దానితో తిరిగాను. అట్లా సూర్యుడు మా ఊరి వార్డుల్లో మొదటి గీత గీశాడు.

రెండో గీత పోలీస్‌ది. పోలీస్ అంటే ట్రాక్టర్ మామ పెంచుకున్న ఎర్ర కుక్క. అది మొరగదు, ముందు కరిచి తర్వాత ఆలోచిస్తుంది. మామ పొలానికి పోయిన వేళ దాన్ని విప్పి వదిలేస్తాడు. నేను బ్రష్షు పట్టుకుని వాకిట్లోకి వెళ్లగానే అది లేచి ఒళ్లు విరుచుకుంది. నేను ఇరవై తొమ్మిదో నంబరు వేయకుండా వెనక్కి నడిచాను. మామ ఇల్లు దాటితే ఇంకో మూడిళ్లున్నాయి కానీ, అక్కడికి పోవాలంటే పోలీస్ ముందు నుంచే పోవాలి. ఆ నాలుగిళ్లూ కుక్కను కట్టేసిన రోజు చూద్దామనుకుని, ఇరవై తొమ్మిదిని పక్క గల్లీలో మొదలుపెట్టాను.

ఆ పక్క గల్లీ మా అక్కది. అక్కంటే మా పెద్దమ్మ బిడ్డ. బావ చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ, పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు. మిగతా పద్నాలుగు రోజులూ ఇంటి పెత్తనం, గల్లీ పెత్తనం, నా పెత్తనం అక్కవే. నేను కనిపిస్తే చాలు, "ఓపెన్ స్కూల్ల పది రాయిరా. ఫారం నేను తెస్త, ఫోటో ఒక్కటి దిగు" అనేది. అందుకని గల్లీలో ఒక వరుస ఆ రోజు రాసి, రెండో వరుస ఇంకో రోజు నీడ వచ్చాక రాసి, అక్క ఇంటికి మాత్రం నాలుగో రోజు సాయంత్రం, ఆమె బోరు దగ్గర బిందెల వరుసలో ఉన్న సమయం చూసుకుని పోయి, పరుగున నంబరు వేసి వచ్చేశాను. 1-112. ఊరికి ఆఖరి నంబరు.

సారు నోటుబుక్కు తీసుకుని ఒకటే ప్రశ్న అడిగాడు. "నేను చెప్పిన వరుసలనే వేసినవా?"

"వేసిన సార్."

(అబద్ధమాడటంలో నాకు డిగ్రీ ఉంది. బడి మానేసినవాడికి ఆ ఒక్క డిగ్రీ అయినా ఉండాలి కదా.)

పది రోజుల తర్వాత వార్డుల జాబితా అంగన్‌వాడీ గోడకు అతికించారు. అభ్యంతరాలుంటే వారంలోగా రాసివ్వమన్నారు. ఊరంతా గోడ దగ్గరే. ట్రాక్టర్ మామ తన పేరు వెతుక్కుని, ఆరో వార్డులో చూసుకుని, జాబితాను మళ్లీ మొదటి నుంచి చదివాడు. పక్కింటివాళ్లు మూడో వార్డు, ఎదురింటివాళ్లు మూడో వార్డు. నడుమ మామవాళ్ల నాలుగిళ్లు మాత్రం ఆరో వార్డు.

"గిది మామూలు పని గాదు" అన్నాడు మామ మెల్లగా. "నేను మూడో వార్డుల నిలవడ్తనని ఎవనికో ఎరుకైంది. నన్ను జూసి భయపడ్డరు."

ఆయనకు పోటీ మైక్ మామ. మా ఊరు పెద్దూరికి తోకగా ఉన్నప్పుడు ఆయన వార్డు మెంబరు. ఇద్దరు మనుషులున్న చోట కూడా మైకులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఆయన చాక్‌పీసు తీసుకుని అంగన్‌వాడీ అరుగు మీద ఊరి బొమ్మ గీసి, వార్డులన్నీ చుట్టాడు. మూడో వార్డు తేలు ఆకారంలో వచ్చింది. నాలుగోది సగం తిన్న రొట్టెలా ఉంది. అందరూ వంగి చూశారు.

"నీ పనేనా?" అన్నాడు ట్రాక్టర్ మామ.

"నా పనైతే నా తమ్ముడి ఇల్లు ఏడో వార్డుల ఎందుకేసుకుంట? నీ పనే అనుకుంటున్న నేను."

"నాకు గంత తెలివుంటే ట్రాక్టర్ ఎందుకు నడుపుత?"

ఇద్దరూ చాలాసేపు ఆ తేలును చూశారు. చివరికి మైక్ మామ చాక్‌పీసు పక్కన పెట్టి, "ఎవడో గని, మొనగాడు. మన మండలంల గింత తల ఉన్నోడు ఎవడున్నడు?" అన్నాడు. నేను జనం వెనక నిలబడి ఉన్నాను. నా జీవితంలో ఎవరైనా నన్ను తెలివిగలవాడు అనడం అదే మొదటిసారి. అదీ నా పేరు తెలియక. దొరికిపోతానేమోనని భయం ఉన్నా, పెదవి మాత్రం నవ్వుకు పోతోంది. ఆ మొనగాణ్ని నేనే అని చెప్పేద్దామని కూడా ఒక నిమిషం అనిపించింది. అంతటి మూర్ఖుణ్ని.

అప్పుడు అక్క మొహం చూశాను. ఆమె బొమ్మ వైపు చూడటం లేదు, జాబితా చదువుతోంది. అక్కకు ఒకటే ఆశ. ట్యాంకు పైపు వాళ్ల గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. లోపలి ఇళ్లవాళ్లంతా బోరు నుంచి మోసుకోవాల్సిందే. గల్లీ మొత్తం ఒక వార్డైతే, తను మెంబరుగా నిలబడి, ఆ పైపును చివరి ఇంటిదాకా తేవాలని ఆమె పట్టుదల. ఇప్పుడు చూస్తే గల్లీలో ఒక వరుస మూడో వార్డు, రెండో వరుస ఐదో వార్డు, ఆమె ఇల్లు ఎనిమిదో వార్డు.

"మా గల్లీ ముక్కలైతే మేం ఎవరికి జెప్పుకోవాలె?" అంది, ఎవరినీ అడగనట్టు.

అరుగు మీద కొట్లాట సాగుతుండగా అక్క నన్ను పిలిచింది. "రా, ఊరు తిరిగొద్దాం." జాబితా ఫోనులో ఫోటో తీసుకుంది. మేకల అవ్వ ఇంటి దగ్గర మొదలుపెట్టి, ఒకటి, రెండు, మూడు అని నంబర్ల వెంటే నడవసాగింది. నేను ఆమె వెనక. పదిహేను దగ్గర నంబరు వీధి దాటింది. అక్కా దాటింది. దాటి ఆగి, పైకి చూసింది. అప్పుడు పదకొండున్నర. తను నీడలో నిలబడి ఉంది. ఇటు ఎండ.

మళ్లీ నడిచింది. ఇరవై ఎనిమిది అయ్యాక ట్రాక్టర్ మామ వాకిలి వచ్చింది. పోలీస్ లేచి ఒళ్లు విరుచుకుంది. అక్క రెండడుగులు వెనక్కి వేసింది. వేసి, తన కాళ్ల వైపు చూసుకుంది, కుక్క వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

ఆ తర్వాత ఆమె నడక మారింది. మైక్ మామ చాక్‌పీసుతో పట్టుకోలేనిది ఆమె చెప్పులతో పట్టుకుంది. టీవీ ఉన్న ఇంటి దగ్గర నంబర్లు ఎందుకు గుమిగూడాయో (ఆ రోజు మ్యాచ్ ఉంది), కూర వాసన వచ్చే సందులోకి ఎందుకు తిరిగాయో, ఒక్కొక్కటీ ఆమెకు నేను చెప్పకుండానే తెలిసిపోయింది. చివరికి తన ఇంటి ముందు నిలబడింది. 1-112.

"అన్ని సమజైనయి. ఎండ సమజైంది, కుక్క సమజైంది. నా ఇంటికి ఆఖరికి ఎందుకొచ్చినవ్?"

నా డిగ్రీ ఆ క్షణంలో పనిచేయలేదు. "పది రాయమంటవని" అన్నాను.

అక్క అరుగు మీద కూర్చుంది. గోడ మీది ఆ నంబరు వైపే చూసింది. తిడితే బాగుండునని నాకు అనిపించింది.

"సదువుకోరా అన్నందుకు నన్ను ఎనిమిదో వార్డుల పారేసినవా?"

తర్వాత లోపలికి పోయి ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "అభ్యంతరం రాయి. నువ్వే రాయాలె. జరిగింది జరిగినట్టు."

"నాకు గంత రాయరాదక్కా."

"నూట పన్నెండు ఇండ్లకు రాసినవ్. గిది ఒక్క కాయితం."

రాశాను. ఎండ గురించి, నీడ గురించి, కుక్క గురించి, అక్క గురించి. రెండు పేజీలు పట్టింది. సారు దాన్ని అంగన్‌వాడీ అరుగు మీద అందరి ముందే చదివాడు. చదివి, పెన్ను మూత తీశాడు.

"సూర్యుడు, కుక్క, అక్క. గివి పై ఆఫీసుకు నేనెట్ల రాయాలె తమ్మీ?" అని, చివరికి "క్షేత్రస్థాయి పరిస్థితుల వల్ల" అని రాసుకున్నాడు. (ఈ మాట నాకు ఎంతో నచ్చింది. అప్పటి నుంచి ఇంటికి ఆలస్యంగా పోయినప్పుడల్లా అదే చెప్తున్నాను.)

అందరికంటే ఎక్కువ బాధపడినవాడు ట్రాక్టర్ మామ. "నువ్వు గాదురా. నీ ఎన్క ఎవరున్నరో చెప్పు" అని నన్ను పక్కకు తీసుకుపోయి బతిమాలాడు.

"ఎవల్లేరు మామా. ముందట నీ కుక్కుండె, గంతే."

తనను చూసి ఊరు భయపడిందని పది ఇళ్లలో చెప్పుకున్న మనిషికి, భయపడింది తన కుక్కను చూసి అని తెలిస్తే ఎట్లా ఉంటుంది? వారం రోజులు నాతో మాట్లాడలేదు, కుక్కతో కూడా.

పాత నంబర్ల మీద సున్నం కొట్టి, ఈశాన్యం మూల నుంచి మళ్లీ రాశాను. ఈసారి అక్క జాబితా పట్టుకుని ముందు నడిచింది. ఎండలో ఉన్న ఇల్లు ఎండలోనే రాయించింది. పోలీస్‌ను మామే మొహం గంటుపెట్టుకుని గొలుసుతో పట్టుకున్నాడు. అక్క గల్లీ మొత్తం మూడో వార్డులోకి వచ్చింది, ఒక్క ఇల్లు కూడా జారిపోకుండా. ఆమె ఇంటికి 1-38 పడింది.

ఆ తర్వాత ఏమైందంటే, గల్లీ ఒక్కటైంది కనుక గెలవొచ్చని గల్లీలో అందరికీ తెలిసింది. అందుకని ఆ ఒక్క గల్లీ నుంచే ముగ్గురు నిలబడ్డారు. అక్క ఎదురింటామె గెలిచింది, అక్క కొద్ది ఓట్లతో ఓడింది. లెక్కింపు అయ్యాక నేను మొహం చూపించలేక అంగన్‌వాడీ గోడ వెనక నిలబడితే, అక్కే వెతుక్కుంటూ వచ్చింది.

"ఏందిరా, ఓడింది నువ్వా నేనా?"

"నా పాత నంబర్లే ఉంటే గెలుద్దువేమో."

"ఏమో. గని గీత సక్కగున్నది గద. ఓడినా నా గల్లీలనే ఓడిన." కొంగు దులుపుకుని, "ఇగ పైపు సంగతి చూద్దాం పా" అంది. మరునాటి నుంచి రోజూ పొద్దున్నే ఖాళీ బిందె తీసుకుని ఎదురింటి మెంబరు వాకిట్లో కూర్చునేది. వానాకాలం రాకముందే పైపు చివరి ఇంటిదాకా వచ్చింది.

ఇప్పుడు నాకు మహబూబాబాద్‌లో చిన్న రేడియం స్టిక్కర్ల దుకాణం ఉంది. పక్క చాయ్ హోటల్ టీవీలో ఈమధ్య నియోజకవర్గాల పునర్విభజన అని తెగ చర్చిస్తున్నారు. ఎవరికి ఎన్ని సీట్లు, ఏ గీత ఎటు జరుగుతుంది అని, చాయ్ చల్లారినా జనం లేవడం లేదు. తెర మీద మ్యాపు చూపిస్తే అందరూ వంకర ఎక్కడుందో చూసి, దాని వెనక ఏ తలకాయ ఉందో వెతుకుతారు. ఉండే ఉంటుంది, నేను కాదనను. కానీ నా కన్ను మాత్రం ఆ వంకర దగ్గర ఆగి, ఇక్కడ నీడ ఎటు పడుతుందా, కుక్క ఏమైనా ఉందా అని వెతుకుతుంది. ఎవరైనా ఆ నంబర్ల వెంట చెప్పులేసుకుని నడిచారా అని కూడా.

పోయిన వానల్లో ఊరికి పోయినప్పుడు అక్క గోడ చూశాను. సున్నం కరిగి, 1-38 కింద నుంచి పాత 1-112 తొంగి చూస్తోంది. రెండూ కలిసి ఏ నంబరో తెలియకుండా ఉంది.

"మల్ల రాయాల్నా అక్కా?"

"వద్దు, ఉండనీ. పది రాస్తనని చెప్పినంక మల్ల రాద్దువు."

నేను నవ్వి చెప్పులు వేసుకున్నాను. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఆ గజిబిజిలో కూడా ముప్పై ఎనిమిదిలోని ఎనిమిది ఉంది చూడండి, పైనా కిందా సమానంగా, ఎక్కడా పొట్ట లేకుండా. ఎండలో నిలబడి రాసింది. ఉస్తాద్ చూసి ఉంటే నన్ను పెయింటర్ అనేవాడు.