నీళ్లలోంచి తీసిన రాయి

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడి ఉంది. కక్కలేను, మింగలేను. మా ఆయనతో కూడా దాని గురించి మాట్లాడను. ఆయనకు తెలుసు కాబట్టే మాట్లాడను. మీరు నాకేమీ కారు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు మేం బెంగళూరులో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కి కొత్తగా వచ్చాం. ఆదివారమైతే చాలు, కారు తీసి ఏదో ఒక పాత ఊరు చూడ్డానికి పోయేవాళ్లం. అలా ఒకసారి పెన్న ఒడ్డున ఉన్న చిన్న ఊరికి వెళ్లాం. పేరు చెప్పను. కూలిన కోటగోడ, బండ మీద శాసనం, గుప్పెడు ఇళ్లు, ఏటిలోకి దిగే రాతిమెట్లు. వానలు పడి మోకాలి లోతు నీళ్లున్నాయి. మా పాప అప్పుడింకా పసిది. దాని కాళ్లు కడుగుతుంటే నా చేతికి అడుగున ఏదో చెక్కడం తగిలింది. పైకి తీశాను. మూరెడు కూడా లేని రాయి. పెనవేసుకున్న రెండు పాములు. ఎంత ముద్దుగా ఉందో!

విరిగిన విగ్రహాలనీ పాతబడ్డ పటాలనీ ఏట్లో వదిలేయడం మా ఇళ్లలో అలవాటే. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఎవరికీ అక్కర్లేనిదే కదా, మన బాల్కనీలో తులసి పక్కన పెట్టుకుందాం అన్నాను. మా ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టి పాప సీటు కింద పెట్టాడు. ఇంతవరకూ నాది పొరపాటే. ఇక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పుకోవాల్సింది ఏమీ ఉండేది కాదు.

కారు తిప్పుతుంటే ఒకామె మెట్లెక్కి పరుగున వచ్చింది. నాకంటే చిన్నది. చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది.

"అక్కా, ఏట్లో రాయేమన్నా చూస్తిరా? నాగులరాయి. బిడ్డల కోసరం మునగబెట్టిండాము. వచ్చే పంచమికి కట్టమీద నిలబెట్టల్ల."

ప్రతిష్ఠకు ముందు నాగులరాయిని నెలల తరబడి నీళ్లలో ఉంచుతారని మా నాయనమ్మ ఎప్పుడో చెప్పిన మాట, ఆమె ముఖం చూస్తుంటే గుర్తొచ్చింది. సీటు కింద చెయ్యి పెడితే చాలు. తెలీక తీశానమ్మా అంటే చాలు. ఎందుకు అనలేదు? దొంగ అనుకుంటుందనా? ఆమె వెనక ఊరివాళ్లు ఎక్కి వస్తున్నారనా? చదువుకున్నదాన్ని, కారులో వచ్చినదాన్ని, వాళ్ల ముందు తల దించుకోవడం నామోషీ అనిపించిందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఏ కారణమూ ఆ అబద్ధానికి సరిపోవడం లేదు.

"లేదమ్మా, మేం చూడలేదు," అన్నాను.

ఆమె నమ్మింది. వంగి, నిద్రపోతున్న పాపను అద్దంలోంచి చూసింది. "బంగారు మాదిరి ఉండాది బిడ్డ," అని, దిష్టి తగలకుండా కణతల దగ్గర మెటికలు విరుచుకుంది. ఆ రాయి పాప కాళ్ల కిందే ఉంది.

ఈ ఆదివారం పోయి ఇచ్చేద్దాం అని ఎన్ని వారాలు అనుకున్నామో. పాపకి జ్వరం, ఆయనకి ఆఫీసు పని, వాన. సాకులకేం కరువు? ఏడాది దాటాక, రాయి సంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. నాగులకట్ట దగ్గర కూర్చున్న ఒక ముసలామెను ఆ అమ్మాయి గురించి అడిగాను. రాయి మాయమైందంటే నాగదేవుడు వాళ్లను ఒప్పుకోలేదని, మళ్లీ మునగబెట్టవద్దని పెద్దలు తేల్చేశారట. ఆ మాట తట్టుకోలేక మొగుడూ పెళ్లామూ బిల్డింగ్ పనికి బెంగళూరు వెళ్లిపోయారట. అప్పుడైనా సంచి విప్పి, ఒప్పుకోకపోవడం కాదవ్వా, నేనే తీసుకెళ్లాను అని చెప్పొచ్చు. విప్పలేదు. మళ్లీ ఇంటికి మోసుకొచ్చాను.

రాయి ఇప్పుడు మా బాల్కనీలో, బకెట్టు నీళ్లలో ఉంది. ఎండనివ్వను. ఎందుకో నాకే తెలీదు. ఆమె పేరు కూడా అడగలేదు, ఎవరినని వెతకను? వర్తూరు వైపు వెళ్లినప్పుడల్లా, కడుతున్న ప్రతి అపార్ట్‌మెంటు దగ్గరా ఇటుకలు మోసే ఆడవాళ్ల ముఖాలు చూస్తాను. మొన్నామధ్య ఒకామె తట్ట దించి ఇటు తిరిగింది. ఆమే అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూశాను. కాదు.

కాదని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లూ ఆమెను వెతుకుతున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. దొరక్కూడదని మొక్కుకుంటూ వెతికాను. ఈ సంగతి మా ఆయనకు కూడా తెలీదు. మీకు చెప్పాను.