కుట్లకు ముందు సూది

కుల్చారం దగ్గర ఒక బడిలో టీచర్‌ని. టీకాలు వేసే రోజున పిల్లల చేతులు పట్టుకుని "చీమ కుట్టినట్టే ఉంటది, అంతే" అని ధైర్యం చెప్పే డ్యూటీ నాదే. సూదంటే నాకెంత భయమో వాళ్లకు తెలియదు.

మెదక్‌లో ఒక చిన్న దవాఖానాలో మా పాప పుట్టింది. పుట్టగానే నా గుండెల మీద పడుకోబెట్టారు. ఇక నా పని అయిపోయిందనుకుని, ఎంత ఓర్చుకున్నానో అని నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. అంతలో డాక్టరమ్మ, "కింద జర చీరుకపోయింది. కుట్లు పడ్తయి. ముందుగాల మొద్దుబారనీకి సూది ఇస్త," అన్నారు.

"సూది వద్దు మేడం. ఉత్తగనే కుట్టేయుండ్రి."

"కుట్లు మరి దేనితోని వేస్తరమ్మా?"

నర్సు నా భుజం తట్టి, "చీమ కుట్టినట్టే ఉంటది," అంది. ఆ మాటలో ఎంత నిజముందో నాకు తెలియదా! కింద చల్లగా ఏదో తగిలింది. దవాఖానా అదిరేలా కేక పెట్టాను.

"అది సూది కాదమ్మా, దూది," అన్నారు డాక్టరమ్మ. "మందుతోని తుడుస్తున్న."

తలుపు అవతల నుంచి మా అమ్మ గొంతు వినిపించింది: "అయ్యో, ఇంకో బిడ్డ గూడ ఉందా?"

సిగ్గుతో కళ్లు మూసుకున్నాను. సూది దిగినప్పుడు చురుక్కుమంది, కాసేపు మండింది. తర్వాత ఆ భాగం నాది కానట్టే మొద్దుబారిపోయింది. దారం లాగుతున్నట్టు తెలుస్తోంది గానీ నొప్పి లేదు. ఇక కిక్కురుమనకూడదనుకున్నాను. చివరికొచ్చేసరికి ఒకచోట నిజంగానే నొప్పి సర్రున లేచింది. పళ్లు బిగించాను. దూదికే అంత అరిచినదాన్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అరవను?

డాక్టరమ్మ చెయ్యి ఆపారు. "కాలివేళ్లు ముడుస్తున్నవ్. నొస్తుందా?"

"జర నొస్తుంది మేడం."

"మరి చెప్పవేంది? ఇంకింత మందిస్త. ఓర్చుకునే పని లేదు."

మళ్లీ మందిచ్చి, కాసేపు ఆగి, తెలుస్తోందా అని అడిగి మరీ మిగిలినవి కుట్టారు. ఏమీ తెలియలేదు.

వార్డుకు వచ్చాక మందు దిగిపోయి సలుపు మొదలైంది. ఈసారి వెంటనే నర్సును పిలిచాను. మాత్ర ఇచ్చి, పక్కకు తిరిగి పడుకుని పాలెలా పట్టాలో చూపించింది. పాప తాగి నిద్రపోయింది.

"ఇగ నువ్వు గూడ సప్పుడు చెయ్యకుండ పండుకో," అంది మా అమ్మ.