ఇరవై లెక్కబెట్టే దాకా

మొగుడు పరుశురాం గుద్దితే వినోద ముందుపన్ను సగానికి విరిగింది. పని ముగించుకుని ఇంటికి చేరడం అరగంట ఆలస్యమైందట. ఆ ఆలస్యం నా వల్లే. మగ్గాల పని కోసం మనవాళ్ళు వలసొచ్చిన ఆల్థాన్‌లోని నా పళ్ళ ఆసుపత్రిలో నాకు సాయం చేసేది ఆమే. నా పేరు నళిని. చదువుకు కొదవలేదు, ఓపికే లేదు.

మర్నాడు వినోదను కుర్చీలో కూర్చోబెట్టాను. బయట జనం. పన్ను శుభ్రం చేసి, అతుక్కోవడానికి పూసే బాండ్ మందును బుల్లి కుంచెతో ఒకసారి అద్ది, గాలి ఊది, నీలం లైటు పెట్టి, విరిగినంత మేరా పంటిరంగు ముద్దతో కట్టేశాను. వారం తిరక్కుండా రొట్టె కొరికితే ఊడి చేతిలోకొచ్చింది.

"ఏమనుకోకుండ్రి మేడం, మీరు అద్దిండ్రు, రుద్దలే," అంది వినోద. "మా అమ్మ పడుగుకు గంజి వెట్టేటప్పుడు కుంచెతోని రుద్ది రుద్ది పోగు లోపలికి వట్టిచ్చేది. ఊకె పూస్తే పైపైన ఎండి రాలిపోతది."

నాకు ఒళ్ళు మండింది. ఏడో తరగతితో ఆపేసిన మనిషి నాకు పాఠం చెప్పడమా? తీరా చూస్తే మందు డబ్బాలోని కాగితం మీదా అదే ఉంది, ఇరవై సెకన్లు రుద్దమని. సిగ్గుపడి మళ్ళీ చేశాను. ఇరవై లెక్కబెడుతూ రుద్ది, మందు కదలడం ఆగేదాకా మెల్లగా గాలి ఊదాను. ఆనాటి నుంచి రుద్దే పని ఆమెకే ఇచ్చాను. నా చెయ్యి పదికే తొందరపడుతుంది.

ఆ అతుకుకు పరీక్ష పెట్టింది కూడా పరుశురామే. ఓ ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా అక్కడే గుద్దాడు. పెదవి చిట్లి జాకెట్టంతా నెత్తురైంది, పన్ను మాత్రం ఊడలేదు. అది చూసి అతనికి కోపం రెట్టింపై మళ్ళీ చెయ్యెత్తాడు. తను సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానా నుంచి అతనే తెచ్చి గూట్లో పెట్టిన పాత నాడె, పోగును అటూ ఇటూ మోసే, రెండు కొసలా ఇనుప మొనలున్న కొయ్య, ఆమె చేతికి అందింది. మూతి మీద ఒక్కటిచ్చింది. అతను నెత్తురు ఉమ్ముకుంటుంటే బట్టలు సర్దుకుని, గంగవ్వ అనే ముసలామె గదికి వెళ్ళిపోయింది. "ఇగ వాని మొఖం సూడ మేడం" అంది నాతో. విని సంతోషించాను, దాచుకోను.

మూడో రోజు వాచిన మూతితో అతనే వచ్చి నా కుర్చీ ఎక్కాడు. ముందుపన్ను సగం లేదు.

"కార్ఖానల నాడె ఎగిరి తాకింది డాక్టరమ్మా" అన్నాడు. వినోద వైపు తిరిగి, "పన్ను వెట్టుడైనంక ఇంటికి నడువ్. లేకుంటే ఈడనే సంపుత" అన్నాడు.

వెళ్ళగొట్టబోయాను. "ఉండనియ్యుండ్రి మేడం" అంది వినోద.

పన్ను నేను సిద్ధం చేశాను. కుంచె ఆమె అందుకుంది. ఒకసారి అద్ది వదిలేస్తే చాలు, వారంలో వాడి నోట్లోంచి ఊడిపడుతుంది. నిజం చెప్పాలంటే నేను అదే కోరుకున్నాను. ఆమె అతని వాచిన పెదవిని బొటనవేలితో పైకి అదిమిపట్టి రుద్దడం మొదలుపెట్టింది. అతను మూలిగాడు. నోరు తెరిచి ఉంది కాబట్టి తిట్టలేకపోయాడు. ఇరవై అయ్యాక కూడా ఆమె ఆగలేదు. మళ్ళీ మందు పెట్టి మళ్ళీ ఇరవై.

"చాల్లే వినోదా, వీడికి ఇంత అవసరమా?" అన్నాను.

"గట్టిగుండాలె మేడం," అంది, చెయ్యి ఆపకుండా అతని కళ్ళలోకి చూస్తూ. "పన్ను ఊడిందని వీడు మల్ల నా కాడికి రావొద్దు."