సరంగు అనకూడని మాట

నరసాపురం రేవులో బోటు నడిపే సరంగులందరిలోకీ రాముడు మొండివాడని పేరు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. రాముడికి ఆ బలమంతా నోట్లోనే ఉండేది. కుడి భుజంలో మాత్రం రెండేళ్లుగా తగ్గుతూ వచ్చింది. ముద్దని నోటిదాకా ఎత్తలేక కంచం మీదికి తల వంచి తినేవాడు. భార్య సంపూర్ణమ్మ అది చూసీ చూడనట్టు చారుగిన్నె దగ్గరికి జరిపేది. అతను చెయ్యి చాపే పని లేకుండా చూడటమే ఆవిడకు తెలిసిన ఓదార్పు.

చేపల వేట నిషేధం వచ్చి బోట్లన్నీ ఒడ్డున పడున్న రోజుల్లో ఆవిడ చూడనట్టు ఉండటం మానేసింది.

"ఇదిగో, చెప్తున్నాను. చుక్కాని దానంతటదే తిప్పే మిషనేదో ఉందంటగా, అది పెట్టించు. లేదంటే బోటు మీ తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూచో. రెండిట్లో ఏదో ఒకటి తేల్చు."

ఇంట్లో కూర్చోవడమంటే రాముడికి ఊపిరాడదు. మీసాలు రాకముందే బోటెక్కిన మనిషి. మంచం మీద పడుకుంటే ఊగడం లేదని విసుక్కుంటాడు. సముద్రం పోతే తనలో ఏం మిగులుతుందో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అందుకని గొణుక్కుంటూ మిషనుకే ఒప్పుకున్నాడు.

బోట్లకి జీపీఎస్‌లూ చేపల్ని కనిపెట్టే మిషన్లూ బిగించే డేనియల్ వచ్చి, స్టీరింగు చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"దిక్కు చూసుకునేదేమో ఈ చిన్న పెట్టేనండి. అది చెప్పినట్టు చుక్కాని తిప్పడానికి మోటారు కావాలి, దాన్నే డ్రైవ్ అంటాం. మీది గొలుసూ ఇనపతాడూ లాగే స్టీరింగు కాబట్టి రెండు దార్లండి. చిన్న డ్రైవైతే ఈ చక్రానికే బిగిస్తాం, బెల్టుతో తిప్పుద్ది. పెద్దదైతే వెనకాల చుక్కాని చెయ్యికే తగిలిస్తాం, తోస్తది, లాగుద్ది. చక్రం తేలిగ్గా తిరిగితే చిన్నది చాలు, బరువైతే పెద్దదే పెట్టాలి. మరి మీది ఎలా తిరుగుద్దండి?"

ఆ కుర్రాడికేం తెలుసు, అడగకూడనిది అడిగాడని! చక్రం బరువుగా ఉందని సరంగు అనకూడదు. రాముడి తండ్రి అనలేదు, తాత అనలేదు. బరువన్నవాడి చేతిలో బోటు నిలవదని రేవంతటికీ నమ్మకం. అది అపశకునం, పైపెచ్చు నామర్దా.

"రెండు వేళ్లతో తిప్పేస్తాను" అన్నాడు రాముడు మీసం సవరించుకుంటూ.

నిజానికి ఆ చక్రం తిప్పడానికి రెండు చేతులూ, ఒక మోకాలూ, నాలుగు బూతులూ కావలసి వచ్చేవి. డేనియల్ పెద్దాయన మాట నమ్మి చిన్న డ్రైవే బిగించాడు.

నిషేధం ఎత్తేశాక మొదటి వేటలోనే రాముడి అబద్ధం బయటపడింది. కెరటం కాస్త లేచేసరికి డ్రైవు బెల్టు జారింది. మోటారు కీచుమంటూ ఒట్టిగా తిరిగింది. బోటు అడ్డం తిరిగి, పొయ్యి మీద ఉడుకుతున్న పులుసు కాస్తా బోటులో పనిచేసే కలాసీల కాళ్ల మీద ఒలికింది. రాముడు ఒక్క అంగలో వచ్చి చక్రం పట్టుకున్నాడు. తిరుగుదారి అంతా అతనే పట్టుకున్నాడు. అంతర్వేది మొగలో, నది సముద్రంలో కలిసేచోట, ఇసక మేటల మధ్య దారి వెతుక్కుంటూ రావాలి. సరిగ్గా అక్కడే కుడిచెయ్యి లేవనంది. ఛాతీ ఆనించి చక్రం తిప్పాడు. కలాసీలు అటు చూడకుండా వలలు సర్దుకున్నారు. దానికన్నా వాళ్లు నవ్వినా బాగుండేది.

ఇంటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

"బోటు తమ్ముడికి ఇచ్చేద్దామే."

ఆ మాట తాను అనమన్నదే. అయినా అతని నోట వినేసరికి సంపూర్ణమ్మకి అది జరగకూడదనిపించింది.

మర్నాడు మిషను విప్పడానికి డేనియల్ వస్తే రాముడితోపాటు ఆవిడ కూడా రేవుకి వెళ్లింది. గట్టు మీదే బుట్టతో ఆగిపోయే మనిషి, ఆ రోజు చీర కుచ్చెళ్లు దోపుకొని బోటెక్కింది. నేరుగా వెళ్లి చక్రం పట్టుకుని లాగింది.

"ఓరి నాయనో! నీళ్లు పొయ్యకుండా రుబ్బురోలు తిప్పినట్టుందిగా! ఇది బరువు కాకపోతే ఏంటయ్యా?"

మాట వచ్చేసింది. ఆకాశం విరిగి పడలేదు.

"ఎప్పణ్ణించో అంతేనే" అన్నాడు రాముడు మెల్లిగా.

"మరి చెప్పవేం?"

"సరంగుని కదే!"

డేనియల్ తల పట్టుకున్నాడు. "అయ్యో, బాబాయ్‌గారూ! స్టీరింగు పట్టేసుంటే పెద్ద డ్రైవైనా బిగించకూడదండి. ముందు ఎక్కడ పట్టేసిందో చూడాలి" అని టార్చిలైటు నోట కరుచుకుని వెనక అడుగుభాగంలోకి దూరాడు. ఐసుగది వెనకాల ఇనపతాడు తిరిగే కప్పీ ఒకటి తుప్పెక్కి బిగుసుకుపోయి ఉంది. కప్పీ తిరగకపోయేసరికి తాడు దాని మీద రాసుకుంటూ గాడి కోసేసింది. సుత్తితో కొట్టి ఊడదీసి, పైకి తెచ్చి రాముడి అరచేతిలో పెట్టాడు.

ఇన్నాళ్లూ తనకు వయసైపోయిందని లోపల్లోపలే కుమిలిపోయిన మనిషి, ఆ తుప్పుముద్దని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీ దుంపతెగ! ముసలిదానివి నువ్వా!" అన్నాడు.

సంపూర్ణమ్మకి నవ్వాగలేదు.

కొత్త కప్పీ వేసి గ్రీజు పట్టించాక చక్రం ఇట్టే తిరిగింది. "ఇప్పుడు చిన్నదే సరిపోవచ్చండి" అన్నాడు డేనియల్.

"చేపలూ ఐసూ నిండి బోటు నీళ్లలో కూరుకున్నప్పుడు?" అడిగాడు రాముడు.

"అప్పుడు బరువేనండి."

"అయితే పెద్దదే పెట్టు. మొగ దగ్గర మాత్రం నా చేతికి వదలాలి."

"బటను నొక్కితే క్లచ్ వదిలేస్తదండి, చక్రం ఇక మీ చేతిదే."

తర్వాతి వేటలో పెద్ద డ్రైవు వెనకాల చుక్కానిని తోస్తూ లాగుతూ దారి తప్పకుండా పోయింది. రాముడు ఎన్నాళ్లకో కలాసీల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని తిన్నాడు. వచ్చేటప్పుడు మొగలో బటను నొక్కి చక్రం తానే తీసుకున్నాడు, ఎడంచేత్తో. రేవులో బోటు ఆనుతుంటే గట్టు మీదున్న సంపూర్ణమ్మకి క్యాబిన్‌లోంచి రెండు వేళ్లు చూపించాడు. ఆవిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం చేపలపులుసుతో అన్నం పెట్టి, ఆవిడ అలవాటుగా గిన్నె దగ్గరికి జరపబోయింది. రాముడు ఆపాడు. తల వంచుకునే అన్నాడు:

"సంపూర్ణా, ఈ చెయ్యి బరువుగా ఉంటోందే."

రెండేళ్లుగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్న సంపూర్ణమ్మ లేచి వెళ్లి, కొబ్బరినూనెలో కర్పూరం వేసి పొయ్యి మీద పెట్టింది.

"ముందు తిను" అంది వంటింట్లోంచి. "రేపు ఇద్దరం డాక్టరు దగ్గరికెళ్దాం."