కాందహార్ సర్దారు మునిమనుమరాలు

మోత్కూర్ దగ్గరి ఊళ్లో గౌహర్ బీని అందరూ బీబమ్మ అనేవారు. ఆమె ముత్తాత నూర్‌దాద్ ఖాన్ కాందహార్ సర్దారు. గుర్రమెక్కి నిజాం కొలువుకు వచ్చి, ఈ రాళ్ల నేలను జాగీరుగా పొందాడు. ఆయన వంశంలో దండు నడిపిన ఫౌజుదారు పుట్టాడు, పేరున్న యునానీ హకీము పుట్టాడు, జడ్జీ పుట్టాడు. బీబమ్మ కూడా పుట్టింది గానీ ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

జాగీర్లు పోయాక చుట్టాలంతా పట్నం చేరారు. మొగుడు పోయిన బీబమ్మ మాత్రం కదల్లేదు. "పట్నంల పొద్దుగాల లేచి ఎవరి మీద కేకెయ్యాలె?" అంది. కురుమ బీరన్నతో పొత్తు కలిసి మేకలు పెంచుకుంది. వాటిని ఉర్దూలో తిట్టి, తెలుగులో బుజ్జగించేది.

పందొమ్మిదివందల అరవై రెండు ఎండాకాలంలో ఇంటి ముందు కారు ఆగింది. ఆమె మేనల్లుడు జడ్జీ అస్లం ఖాన్, ఆయన భార్య, కెమెరా పట్టుకొని ఒక మనిషీ దిగారు. అస్లం చిన్నప్పుడు ఈ ఊళ్లో నేర్చిన తెలుగు మరువలేదు, మేనత్తను మాత్రం ఫుప్పీ అనే పిలిచేవాడు.

"ఫుప్పీ, సర్దారు పెద్ద తాత సమాధి యాడుంది? ఫోటో తీసుకొని పోతం."

బాగున్నావా అని అడగలేదు. మంచినీళ్లు కూడా వద్దన్నారు.

"గా గుట్ట దిక్కు అనుకుంట. జర నడవాలె," అంది బీబమ్మ.

పక్కనే ఉన్న బీరన్న ఏదో అనబోయాడు. ఆమె అతని కాలు తొక్కింది.

రేగు కంపల్లో జడ్జీగారి శేర్వాణీ అంచు చిరిగింది. భార్య చెప్పులు చేతికొచ్చాయి. ప్రతి బండ దగ్గరా బీబమ్మ ఆగింది. "మీ నాయిన గీడికెల్లే జారి పన్ను ఇరగ్గొట్టుకున్నడు. గీ చెట్టెక్కి దిగరాక ఏడ్చిండు." మొదట్లో విసుక్కున్న అస్లం తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. తండ్రి ఏడ్చినట్టు ఆయన ఎన్నడూ వినలేదు.

పొద్దు వాలాక తిరిగొచ్చారు. బీబమ్మ ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. ఊడ్చిన జాగాలో, అగరుబత్తీల బూడిద పక్కన సమాధి ఉంది.

"ఇంటెనకనే పెట్టుకొని గుట్టలన్నీ తిప్పినవా?"

"సచ్చినాయన యాడికి పోడు బిడ్డా. బతికున్నదాని తోని జర సేపు ఉంటరని తిప్పిన."

అస్లం అక్కడే కూలబడి ఆమె చేయి పట్టుకున్నాడు.

తర్వాత వచ్చిన రంజానుకు ఆమె కోసం పట్నం నుంచి కారు పంపాడు. బీబమ్మ ఒక మేకపిల్లను చంకన పెట్టుకొని ఎక్కింది. అది జడ్జీగారి ఇంట్లో హకీముగారి కాలం నాటి పట్టు పరదాను సగం దాకా మేసింది. వారం తిరక్కముందే ఇద్దరినీ సకల మర్యాదలతో మోత్కూర్‌కు సాగనంపారు.