ఉప్పెన తర్వాతి తొమ్మిదో తరగతి

నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది నాన్నకి బెజవాడ నుంచి సముద్రం పక్క ఊరికి బదిలీ అయింది. నాన్న నీటిపారుదల శాఖలో ఓవర్సీయరు. అంతకు ముందు నవంబరులో వచ్చిన ఉప్పెనలో ఆ వైపు కరకట్టలు చాలావరకు కొట్టుకుపోయాయి. వాటిని మళ్ళీ కట్టించే పని మీద ఆయన్ని వేశారు. అమ్మ ఒప్పుకోలేదు. పిల్లని గవర్నర్‌పేటలో అమ్మమ్మ దగ్గరే ఉంచి చదివిద్దామంది. నాన్న మాత్రం, "కుటుంబం వెంట లేకుండా నేను వెళ్ళి కట్ట కడితే, ఆ కట్టని అక్కడివాళ్ళెవరు నమ్ముతారు?" అన్నారు. అమ్మ చాలాసేపు ప్రార్థన చేసుకుని, లేచి సామాను సర్దడం మొదలుపెట్టింది.

బస్సులో కంకిపాడు దాటేదాకా నాకు తెలిసిన దారే. చేలు, కాలవలు, లాకులు. అవనిగడ్డ కూడా దాటాక చెట్లు మారిపోయాయి. కొబ్బరిచెట్లు తలల్లేకుండా మొండాలుగా నిలబడి ఉన్నాయి. ఒక తాడిచెట్టు మట్టల్లో రంగు వెలిసిన చీర పేలిక వేలాడుతోంది. గాలికి ఎగిరి చిక్కుకుందేమో అన్నాను. నాన్న కిటికీలోంచి చూసి, "గాలి కాదమ్మా. నీళ్ళు అంతెత్తున వచ్చాయి" అన్నారు. నేను మెడ వెనక్కి వంచి, బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెట్టు కొసనే చూశాను.

బడికి పాత పెంకుల కప్పు పోయి గోడలే మిగిలాయి. వాటి మీద కొత్త రేకులు వేశారు. మా తొమ్మిదో తరగతి మాత్రం తాటాకు పాకలో. మొదటి రోజు నేను ఇస్త్రీ గౌను, రిబ్బన్లు, తెల్ల మేజోళ్ళు, కాన్వాసు బూట్లతో వెళ్ళాను. బెజవాడలో అందరం అలాగే వెళ్ళేవాళ్ళం. ఆడపిల్లల వైపు రెండో బెంచీ చివర ఖాళీ కనిపిస్తే వెళ్ళి కూర్చున్నాను. ఒక్కసారిగా పాకలో మాటలు ఆగిపోయాయి.

పక్కన కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది. నల్లగా, పొడుగ్గా, నాకంటే రెండేళ్ళు పెద్దదానిలా ఉంది. "అక్కడొద్దండి. ఇటొచ్చి కూర్చోండి" అని ముందు బెంచీ చూపించింది. నేను లేచాను. అది పోయిన ఏడాది వాళ్ళతో చదివిన అమ్మాయి చోటని మర్నాడు ఇంకొకరు చెప్పారు. ఆ అమ్మాయే కాదు, వాళ్ళ ఇల్లంతా పోయిందట. ఎవరూ నన్ను తిట్టలేదు, నవ్వలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

అందరూ నన్ను "అండీ" అనేవారు. నా వయసు వాళ్ళే, వాళ్ళలో వాళ్ళు "ఒసే", "ఏమే" అని అరుచుకుంటూ, జడలు లాక్కుంటూ ఉండేవారు. నేను దగ్గరికి వెళ్ళగానే, "ఏంటండీ, మంచినీళ్ళు కావాలాండీ?" ఆ అండీతో నాకొక పీట వేసి దూరంగా కూర్చోబెట్టినట్టుండేది. ఇంగ్లీషు మాస్టారు దాన్ని ఇంకాస్త దూరం జరిపారు. రోజూ నాచేత పాఠం పైకి చదివించి, "చూడండర్రా, బెజవాడ పిల్ల ఎంత బాగా చదువుతోందో" అనేవారు. నేను కావాలని తడబడి చదివినా అదే మాట.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున బడి దారిలో నల్లమట్టిలో నా బూటు దిగబడిపోయింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. ఆ పొడుగమ్మాయి వెనకనుంచి వస్తోంది. ఆమెది ఏరు సముద్రంలో కలిసేచోట, ఏటి నడుమ లంక. వేటకు వెళ్ళే కుటుంబం. లంక పిల్లలందరినీ పడవ ఎక్కించి, తనే గెడ వేసి రోజూ ఏరు దాటించేది. పుస్తకాలు ఎరువుల సంచి లోపలి ప్లాస్టిక్ కవరులో చుట్టి నెత్తిన పెట్టుకునేది. ఆమె నన్ను చూసి మోచేయి దాకా బురదలో చెయ్యి పెట్టి బూటు లాగింది, బోరింగు దగ్గర కడిగి తెచ్చి ఇచ్చింది. అప్పుడే చూశాను, ఆమె రెండు చేతుల లోపలి వైపు మణికట్టు నుంచి మోచేయి దాకా గీరుకుపోయిన మచ్చలు.

"నన్ను అండీ అనొద్దు" అన్నాను.

"అట్టాగేనండి" అంది.

మర్నాటి నుంచి నేను బూట్లు వేసుకోలేదు. రెండో రోజే గవ్వపెంకు గుచ్చుకుని పాదం వాచింది. అమ్మ పసుపు పెట్టి కట్టుకడుతూ, "వాళ్ళలా ఉండాలని నీకెందుకే అంత తాపత్రయం?" అంది. వాళ్ళలా ఉండాలని కూడా కాదేమో. వాళ్ళు అలా ఎలా ఉండగలుగుతున్నారో తెలుసుకోవాలని ఉండేది. క్లాసులో ఎవరినైనా కదిపితే ఇంట్లో ఒకరో ఇద్దరో లేనివాళ్ళే. అయినా లెక్కలు తప్పితే గొణుక్కునేవాళ్ళు, కబడ్డీలో పోట్లాడుకునేవాళ్ళు, మాస్టారి నడకని అనుకరించి పడీపడీ నవ్వేవాళ్ళు.

నవంబరు వచ్చింది. ఉప్పెన వచ్చి ఏడాది నిండిన రోజున బడిలో అందరం వరసల్లో నిలబడ్డాం. హెడ్మాస్టారు ఏదో చెప్పబోయి, చెప్పలేక, "ఇళ్ళకి వెళ్ళండి" అన్నారు. పిల్లలు కదల్లేదు. కాసేపటికి ఒక్కొక్కరే బోరింగు దగ్గరికి వెళ్ళి మొహాలు కడుక్కున్నారు. నేను పాక గుమ్మంలో నిలబడ్డాను. ఎటు చూడాలో తెలియలేదు. ఆ పొడుగమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను అడగలేదు, తనే చెప్పింది.

"మా నాయన పంచె విప్పి నన్ను తాడిచెట్టుకి కట్టేశాడండి. అమ్మని కూడా కడదామనుకున్నాడు. తమ్ముడు అమ్మ చంకలో ఉన్నాడు. ఈలోపు ఇంకో కెరటం వచ్చేసింది." చేతులు ముందుకు చాచి చూపించింది. "ఇయ్యి చెట్టువి. గట్టిగా వాటేసుకున్నాగా."

నా డబ్బాలో పెరుగన్నం ఉంది. సగం మూతలో పెట్టి ఆమె ముందుకి జరిపాను. తినేసింది. "ఆవకాయ మీ అమ్మగారు పెట్టిందేనా అండీ? బాగుంది" అంది. ఆ రోజు నుంచి మేమిద్దరం కలిసే అన్నం తినేవాళ్ళం.

మార్చిలో ఒంటిపూట బడులు వచ్చాయి. ఒక రోజు మాటల్లో, నేనింతవరకు సముద్రం చూడలేదన్నాను. ఆమె తినడం ఆపేసింది.

"మీ ఇంట్లో పడుకుంటే హోరు వినపడతది కదండీ!"

"వినపడుతుంది. అమ్మ వెళ్ళనివ్వదు. భయం."

ఆ సాయంత్రం తనే మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడింది. "అమ్మగారూ, శనివారం మా ఇంటికి పంపండి. ఆదివారం మధ్యాన్నానికి తెచ్చి దించుతా. సముద్రంలో కాలు పెట్టనియ్యను" అంది. అమ్మ ఆ చేతుల వైపు చూసింది. నాన్న, "నేను కట్టలు చూడటానికి వెళ్ళేది వీళ్ళ నాన్న పడవలోనే" అన్నారు. అమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, తర్వాత నా తల మీద వేసి కళ్ళు మూసుకుని ప్రార్థించింది. అంటే సరేనని అర్థం.

లంకలో వాళ్ళది సర్కారు కట్టించిన కొత్త ఇల్లు. ఇంట్లో వాళ్ళ నాన్న, మామ్మ. మామ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేపల పులుసులో ముళ్ళు తీసి పెట్టింది. చీకటి పడేసరికే పడుకున్నాం. తెల్లవారుతుండగా ఆమె నన్ను లేపింది. సరుగుడు చెట్ల మధ్య నుంచి, ఇసక దిబ్బలెక్కి దిగి నడిచాం. హోరు పెరుగుతోంది. చివరి దిబ్బ ఎక్కాను.

అంతవరకు నాకు తెలిసిన నీళ్ళన్నిటికీ అవతలి గట్టు ఉంది. దీనికి లేదు. చూపు వెళ్ళి వెళ్ళి ఎక్కడా ఆగలేదు. ఆకాశం అంచున ఎర్రగా సూర్యుడు వస్తున్నాడు, ఆ వెలుగు నీళ్ళ మీదుగా నా కాళ్ళ దాకా పరుచుకుంది. నేను ఇసకలో కూర్చుండిపోయాను. ఏడుస్తున్నానని కూడా నాకు తెలియలేదు. ఆమె నా పక్కన నిలబడి, తెలిసిన మనిషిని చూసినట్టు దాన్ని చూస్తోంది.

"నీకు కోపం రాదా దీని మీద?" అని అడిగాను.

"వచ్చేదండి. మా నాయన మళ్ళీ వేటకెళ్ళిన రోజు బాగా తిట్టాను. ఆయన సంజకాడ చేపలు తెచ్చాడు. ఆకలేసింది, తిన్నాను. ఆ తర్వాత తిట్టబుద్ధి కాలేదు."

ఇంతలో వంగి ఇసక వైపు చూసి, "కదలకండి" అంది.

మా ముందు ఇసక చిన్న గుంటలా కుంగింది. కుంగినచోట ఏదో కదిలింది. నల్లటి బుడిపె ఒకటి పైకి వచ్చింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే ఇసక ఉడుకుతున్నట్టయి అందులోంచి తాబేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికి వచ్చాయి. ఒక్కొక్కటి నా అరచేతిలో సగం కూడా లేదు. రెక్కల్లాంటి చేతులతో ఇసకని తోసుకుంటూ నీళ్ళ వైపు బయల్దేరాయి. వాటి వెనక ఇసక మీద సన్నటి జడల్లాంటి గీతలు పడుతున్నాయి. తల్లి లేదు, దారి చూపేవాళ్ళు లేరు. ఒక్కటి కూడా అటు కాక ఇంకోవైపు తిరగలేదు.

"ఎత్తి నీళ్ళలో వేద్దామా?" అన్నాను.

"మా అమ్మ ముట్టుకోనిచ్చేది కాదండి. నడిచి పోతేనే బతుకుతాయనేది."

అప్పుడే కాకులు దిగాయి. ఒకటి నా వైపునున్న పిల్ల మీదకి గెంతుకుంటూ వస్తోంది. నేను బొమ్మలా చూస్తున్నాను.

"ఒసే! కాకి! చూస్తావేంటే, కొట్టవే!" అని అరిచింది.

లేచి పరిగెత్తాను. గౌను ఎగదోపుకుని, కేకలు పెడుతూ, ఇసక విసురుతూ, ఇద్దరం ఒడ్డంతా పరిగెత్తాం. కాకులు అటు తోలితే ఇటు దిగేవి. కొన్నింటిని కాపాడలేకపోయాం. మిగిలినవి తడి ఇసక దాకా చేరాయి. కెరటం వచ్చి వాటిని తిరగేసి ఒడ్డుకి కొట్టింది. మళ్ళీ బోర్లా తిరిగి మళ్ళీ నడిచాయి. ఇంకో కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు అవీ వెళ్ళిపోయాయి. చివరిది వెళ్ళేసరికి సూర్యుడు బాగా పైకొచ్చాడు. మా ఇద్దరికీ గొంతులు బొంగురుపోయాయి. ఇద్దరం తడి ఇసకలో కూలబడి, నీళ్ళనే చూస్తూ ఉండిపోయాం. అంత చిన్న ప్రాణం అంత పెద్ద నీళ్ళలోకి భయం లేకుండా ఎలా వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం బడిలో ఆమె నన్ను "ఒసే" అని పిలిచింది. అది విని మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే నా జడ కూడా లాగారు.

వేసవి సెలవుల్లో వాళ్ళ నాన్నని ఒప్పించి ఆమెని మాతోపాటు బెజవాడ తీసుకెళ్ళాం. బస్సు దిగి గవర్నర్‌పేట రోడ్డు దాటబోతే రిక్షాలు, లారీలు చూసి బిగుసుకుపోయింది. నా చెయ్యి వదల్లేదు. అమ్మమ్మ ఇంట్లో ఫ్యాను స్విచ్చి వేసి ఆపి, వేసి ఆపి మురిసిపోయింది. సాయంత్రం నాన్న మమ్మల్ని బ్యారేజీ మీదకి తీసుకెళ్ళారు. ఎగువన నీళ్ళు అంచుదాకా నిండి కదలకుండా ఉన్నాయి. దిగువన ఇసక. ఆమె అటూ ఇటూ చూసింది.

"ఇది మా ఏరేనా?" అంది.

"అదే" అన్నారు నాన్న.

"ఇంత ఏటిని మనుషులే ఆపారా?" ఇనప కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కింద నీళ్ళని ఆపిన తలుపుల కేసి వంగి చాలాసేపు చూసింది. సముద్రాన్ని చూసినప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత ఆమె నాన్న వైపు తిరిగి, "సార్, మా దగ్గర కడుతున్న కట్ట, మళ్ళీ అంత నీరొస్తే ఆపుద్దా?" అని అడిగింది.

ఆయన అబద్ధం చెబుతారేమోనని నాకు భయం వేసింది. చెబితే బాగుండునని కూడా అనిపించింది.

"అంత నీటిని పూర్తిగా ఆపలేదమ్మా. కాస్త ఆలస్యం చేస్తుంది. మీరు ఎత్తుకి చేరేటంత సేపు ఆపేలా కడుతున్నాం."

ఆమె ఆ మాటని తనలో తను కొలుచుకుంది. "చాలు సార్. ఆ రోజు మాకు ఆ కాస్త సేపే లేకపోయింది" అంది.

నాన్న మొహం పక్కకి తిప్పుకున్నారు. బ్యారేజీ చివర సోడా బండి ఉంటే మా ముగ్గురికీ సోడాలు కొట్టించారు. గోలీ లోపలికి దిగి సీసా కీచుమనేసరికి ఆమె ఉలిక్కిపడి, సగం సోడా గౌను మీద ఒలకబోసుకుని, "ఒసే, నవ్వకే" అంటూ నాకంటే ముందే నవ్వింది.